పిట్టకు పెట్టేది

తమ్ముడు రఘుపతికి, సూరత్ నుంచి అక్క రాసేది.

ఆదివారం నా కొడుకు వేణు పోయిన పదకొండో రోజు. కాకిపిట్టకు పెట్టే విస్తట్లోకి, వాడికి ఇష్టమని మందు సీసా తేకు. మెదడులో సంతోషం పుట్టే జాగ ఉంటుందట. మందు, ఒంట్లో అది విరిగి తయారయ్యే విషం, రెండూ ఆ జాగను పట్టుకుంటాయట. ఇష్టం పోయినా ఒళ్లు అడగడం పోదని వాణ్ణి చూసిన డాక్టరమ్మ చెప్పింది.

నిజమే. "అవ్వా, మంచిగనిపిస్తలేదే, అయినా ఉండలేకపోతున్న" అని నాతో అంటూ, తాగుతూనే ఏడ్చేవాడు.

నిన్న పగటి నిద్రలో కనిపించాడు. జుట్టు నిండా మగ్గం నూగు మెరుస్తోంది. వేడి సర్వపిండి విరుచుకు తింటూ, నన్ను చూసి మెల్లగా నవ్వాడు. మందు అలవాటు కాకముందటి నవ్వు అది.

సర్వపిండే పెడతాను. పిట్ట ముట్టలేదని ఎవరైనా మందు పొయ్యమంటే నువ్వు ఆపాలి. పొద్దుగూకే దాకా అయినా కూర్చుందాం.

మీ అక్క