గొంతు కాదు, వేషమే

1992 జులై, గురువారం రాత్రి

హీరోయిన్ అవుదామని రాజమండ్రి నుంచి వచ్చి, ఇన్నేళ్లూ హీరోయిన్లకు గొంతు మాత్రమే అరువిచ్చాను. ఈరోజు అదీ పోయింది. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో డైరెక్టర్ గారు మొహమాటపడుతూనే చెప్పారు. "హీరోయిన్‌కి కొత్తమ్మాయి చెబుతుందండీ. మీరు అమ్మ పాత్రకి చెప్పండి."

మైకు ముందు నిలబడ్డాను. కూతుర్ని అత్తారింటికి పంపే డైలాగు చెప్పాను. ఏడుపు మాత్రం నాదే. అద్దం వెనక సౌండ్ ఇంజనీరు మొదటి టేకుకే ఓకే అన్నాడు.

బయటికొచ్చాక ధైర్యం చేసి డైరెక్టర్ గారినే అడిగేశాను. "తర్వాతి సినిమాలో అమ్మ వేషం నాకివ్వండి సార్. గొంతు కాదు, వేషమే."

ఆయన నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "సోమవారం మేకప్ టెస్టుకి రండి," అన్నారు.

కృష్ణానగర్‌లో నా అద్దెగదికి వచ్చి ఇంటి ఓనరమ్మకి చెబితే, "ముప్పై ఎనిమిదేండ్లకే అమ్మ వేషమేంది బిడ్డా? జర ఆలోచించుకో," అంది.

నిజమే. ఒకసారి అమ్మనైతే ఇక హీరోయిన్ మాట ఎత్తకూడదు. దిగులుగానే ఉంది. అయినా వెళ్తాను, తెల్లవెంట్రుకలకు రంగు వేసుకోకుండానే వెళ్తాను. అనుకున్న వయసులో పిలుపు రాలేదు, ఈ వయసులో నేనే అడిగాను. టెస్టులో బాగోలేదంటారేమో... అంటే ఇంకోచోట అడుగుతాను.