మూడో సినిమా బాగాలేదని చెప్పాను

నాయనా,

గని కూలి నువ్వు పోయి నేటికి ఏడాది. సినిమా చూసి వచ్చి, కొళాయి దగ్గర మన లైను ఇళ్ల వాళ్లందరికీ కథ చెప్పేవాడివి కదా, ఇప్పుడు ఆ పని నాది.

ఈ నెల బంగారుపేటలో మూడు కొత్త సినిమాలు చూశాను. మొదటిదాంట్లో పాటలు బాగున్నాయి, కథే లేదు. రెండోదాంట్లో హీరో కొట్లాటల కన్నా ఒక ముసలామె ఏమీ మాట్లాడకుండా రాగిముద్ద వడ్డించే దృశ్యం నచ్చింది. మూడోది అన్నింటికన్నా మంచిది. కానీ అందులో గని కూలుతుంది. పైన ఆడవాళ్లు ఎదురుచూస్తూ నిలబడి ఉంటారు.

"మూడోది ఎట్లుండాదప్పా?" అని అమ్మ అడిగింది.

"చూసేట్టు లేదమ్మా," అన్నాను. మంచి సినిమాను చెడ్డదనడం నాకిదే మొదలు.

"అబద్ధాలకోరు! బాగుండాదని పక్కింటి అక్క చెప్పినాది. అందులో గనిలోపల చూపిస్తారంట కదా? మీ నాయన దిగి పనిచేసిన చోటు ఎట్లుంటాదో నేను ఒక్కసారి కూడా చూడలేదప్పా. రేపు పిలుచుకొని పో."

రేపు మ్యాట్నీకి పోతున్నాం. గని కూలేది ఇంటర్వెల్ తరవాత. ఆలోపే అమ్మను లేపుకొని రావాలి. ఏమని చెప్పి లేపాలో, నాయనా, నాకు ఒక్క మాటా దొరకడం లేదు.