ఖాళీ అయిన ఇన్‌బాక్స్

షమీమ్ అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బాపట్ల నెట్ సెంటర్ నుంచి నువ్వు రాసిన మెయిళ్లు నెట్ లేకపోయినా ఇంట్లో చదువుకోవాలని, తెనాలిలో మనింటి కంప్యూటర్‌కి మెయిల్ ప్రోగ్రామ్ పెట్టించాను. మెకానిక్ వెళ్లాక మెయిల్ వెబ్‌సైట్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంది.

"అన్నా, మా అక్క మెయిళ్లు ఒక్కటీ లేవు!" అని ఆ మెకానిక్‌కే ఫోన్ చేసి ఏడ్చేశాను.

"ఎక్కడికీ పోలేదమ్మా. వెబ్‌సైట్లోవి తీసేసి ఆ ప్రోగ్రామే నీ కంప్యూటర్లోకి దించుకుంది, చూడు," అన్నాడు.

అన్నీ అక్కడే ఉన్నాయి. కానీ ఇప్పుడు ఈ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి. ఇది పాడైతే? అందుకే నోటుబుక్కులోకి ఎత్తి రాస్తున్నాను. "పొద్దున బస్సుకి వస్తున్నా, నేనొచ్చాకే టిఫిన్ చేద్దామే" అన్న చివరిది మిగిలింది. అది రాసేస్తే నీ మాటలు అయిపోతాయి. పెన్ను పట్టుకోవాలంటే భయమేస్తోంది.

నీ చెల్లి