ముప్పై ఒకటో పేజీ

కూర్మన్నపాలెం,
బుధవారం, 12-2-2025.

గౌరవనీయులైన రమణమూర్తి బాబు గారికి,

హేమశ్రీ అమ్మమ్మ పోతమ్మ నమస్కారాలు పెట్టి రాసుకుంటున్నది. మీరూ మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మేమూ బాగున్నామని రాయాలి గానీ, బాగుంటే మీకు ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

మీరు నన్ను ఎరగరు. మొన్న సోమవారం మీ ఆఫీసులో పర్మనెంటు అయిన పిల్ల మా అమ్మాయి కూతురు. దాని అమ్మా నాన్నా పెందుర్తిలో ఉంటారు. అక్కడ ఇంటి పక్కనే రేకుల షెడ్డు, పొద్దస్తమానం ఇనుము కోసే మోత. అందుకని నెల రోజులు మా ఇంట్లో కూర్చుని మీ పని చేసింది. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఫోను చేద్దామంటే మీ నంబరు హేమ ఫోనులోనే ఉంది, అది ఫోను వదిలి ఉండదు. ఉద్యోగం కాగితం వచ్చిన కవరు మీద అడ్రసు చూసి రాస్తున్నాను. హేమ ఆఫీసు నుంచి తిరిగి వచ్చేలోగా పోస్టాఫీసుకి వెళ్ళి రావాలి. మోకాళ్ళ నొప్పులు, ఎండ, దారిలో ఆ లారీలు. వెళ్ళగలనో లేదో. వెళ్తాను లెండి.

మీరు దానికి ఇచ్చింది క్రేను పుస్తకం. ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే ఊరి రేవుకి కొత్త క్రేను వెళ్తోందని, దాని పుస్తకం ఇంగ్లీషులోంచి ఫ్రెంచిలోకి మార్చాలని, నలభై పేజీలూ నెలలో అయితే ఉద్యోగం ఖాయమని మీరు చెప్పేరట. మొదటి వారం ఆరు పేజీలు కూడా అవలేదు. అన్నం కంచం ముందు పెట్టుకుని గోడకేసి చూసేది. ఏమైందే అంటే కంచం పక్కకి తోసి లేచిపోయేది. పిల్లకి ఎవరైనా దిష్టి పెట్టేరేమోనని ఉప్పు కూడా తీసేను.

ఒకరోజు విసుక్కుంటూనే చెప్పింది. ఇంగ్లీషు వాళ్ళు ఒక చిన్న మాట తీసుకుని దానికి తోకలు మారుస్తారట. లెట్ డౌన్ అంటే దించడం, లెట్ గో అంటే వదిలెయ్యడం, లెట్ ఔట్ అంటే తాడు సాగనివ్వడం. ఫ్రెంచిలో ఆ తోకలు ఉండవట, ప్రతి పనికీ విడిగా ఓ మాట ఉంటుందట. డిక్షనరీ చూస్తే ఒక్కోదానికి నాలుగు మాటలు చూపిస్తోంది, ఏది వెయ్యాలో తెలియాలంటే ఆ పని కళ్ళతో చూసి ఉండాలి, నేను క్రేను ఎప్పుడు చూసేను అమ్మమ్మా అని ఏడుపు మొహం పెట్టింది.

అప్పుడు మంచం మీంచి మా ఆయన చెయ్యెత్తేరు. పేరు రాయకపోతే మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను, అప్పలసూరి. ముప్పై ఒక్క ఏళ్ళు పోర్టులో సిగ్నల్ మేను. క్రేను తోలేవాడికి పైనుంచి కింద ఏముందో కనబడదు, వీళ్ళు చేత్తో చూపిస్తేనే ఎత్తుతాడు, దించుతాడు. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి మాట పోయింది, ఎడం చెయ్యి పడిపోయింది. కుడి చెయ్యి బాగానే ఉంది. వేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పితే దించమని. పైకి తిప్పితే ఎత్తమని. అరచెయ్యి బోర్లించి అడ్డంగా ఊపితే ఆపమని. మాట పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో కాపరం ఆ సైగల మీదే నడుస్తోంది. ఇంకా అన్నం పెట్టబోతే అరచెయ్యి ఊపుతారు, ఫేను ఆపాలన్నా అంతే.

ఆ రోజు నుంచి పని సాగింది. హేమ ఇంగ్లీషు వాక్యం చదివేది, ముప్పై ఏళ్ళు ఓడల మీద విని విని ఆయనకి ఆ మాటలు తెలుసు, చేత్తో చూపించేవారు. ఆ చెయ్యి చేసిన పనికి ఫ్రెంచిలో ఏ మాటో అది రాసేది. రాసేక, రాసిందాన్ని తెలుగులో చెప్పేది. ఆయన మళ్ళీ చూపించేవారు. రెండు సార్లూ చెయ్యి ఒకేలా తిరిగితే ఆ వాక్యం సరే. నెమ్మదిగా అని చూపించాలంటే రెండు చేతులు కావాలి, ఒక చెయ్యి సైగ చేస్తుంటే రెండోది దాని ఎదురుగా కదలకుండా పెట్టాలి. ఆ రెండో చెయ్యి నాది. అలా చెయ్యి పట్టుకుని కూర్చుంటే పొయ్యి మీద పప్పు రెండు సార్లు మాడింది. క్రేను గుండ్రంగా తిరగడం చూపిస్తూ ఆయన మజ్జిగ గ్లాసు తోసేస్తే, హేమ నవ్వుతూ, "అందరి డిక్షనరీకీ అట్టలుంటాయి అమ్మమ్మా, నా డిక్షనరీకి మజ్జిగ పొయ్యాల" అంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పిల్ల మోసం చేసిందని మీరు అనుకుంటారేమోనని. ఫ్రెంచి అంతా దానిదే. మాకు ఒక్క ముక్క రాదు.

శుక్రవారం మధ్యాహ్నం మీరు ఫోను చేసి, ఐదు గంటలకి ఫైలు రాకపోతే వేరే వాళ్ళని చూసుకుంటానన్నారు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, మీ పైన కూడా ఎవరో ఉంటారు. అప్పటికి ఇంకా పన్నెండు పేజీలు సరిచూడాలి. పిల్లకి ఒళ్ళు కాలుతోంది, మాత్ర వేసుకుని కూర్చుంది. నాలుగున్నర దాటేక, ఆఖరుకి వదిలిపెట్టిన ముప్పై ఒకటో పేజీ వచ్చింది. కొక్కెం బొమ్మ ఉన్న పేజీ. అందులో ఒక వాక్యం తెలుగులో చెప్పింది, కొక్కెం విడిపించిన తర్వాత బరువు దించాలి అని. తిరగబడింది బాబూ. బరువు దించి, అది నేలకి ఆనిన తర్వాతే కొక్కెం విడిపించాలి. జ్వరంలో ముందుది వెనక, వెనకది ముందు రాసేసింది.

మా ఆయన ఆపమని చెయ్యి ఊపేరు. హేమ కళ్ళు కంప్యూటరు మీద ఉన్నాయి. నేను వంటింట్లో ఉన్నాను. ఎవరమూ చూడలేదు. ఐదుకి పది నిమిషాలుండగా ఫైలు మీకు వచ్చేసింది.

సోమవారం పిల్ల కొత్త చుడీదారు వేసుకుని ఆఫీసుకి వెళ్తూ తాత కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన ఆశీర్వదించలేదు, అరచెయ్యి అడ్డంగా ఊపేరు. తనని వదిలి వెళ్తున్నానని అలిగేడనుకుంది అది. మర్నాడూ అంతే. అన్నం సగమే తింటున్నారు. నిన్న మధ్యాహ్నం నేను ఆ క్రేను పుస్తకం కాగితాలు తెచ్చి ఒక్కొక్కటే ముందు పెట్టేను. కొక్కెం బొమ్మ దగ్గరకి వచ్చేసరికి చెయ్యి ఊపడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. అప్పుడు నాకు శుక్రవారం వంటింట్లోకి వినబడిన హేమ మాట గుర్తొచ్చింది.

పోర్టులో పనిచేసే రోజుల్లో ఆయన ఒక మాట అనేవారు. "పైనున్నోడు నా సెయ్యే సూత్తాడు. కిందున్నోడు ఎవుల్నీ సూడడు. నాను తప్పు సూపిత్తే ఆడికి తెలిసేలోగా అయిపోద్ది." ఆయన చేతి కింద ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. ఆ ఊళ్ళో పనిలో కొత్తగా చేరినవాడు ఉంటాడు కదా. వాడికి ఆ పుస్తకమే మేస్త్రీ.

అందుకని దయచేసి ముప్పై ఒకటో పేజీ తీయించి చూడండి. పుస్తకం అచ్చుకి వెళ్ళిపోయిందేమోనని నాకు గుండె దడ. ఓడ ఎక్కేసిందేమోనని ఇంకో దడ. పిల్ల జ్వరంలో చేసిన తప్పు, దాని మీద కోపం పెట్టుకోకండి. నేను రాసేనని దానితో అనకండి. తెలిస్తే కుంగిపోతుంది.

మీ పెద్దవాళ్ళకి మా ఇద్దరి తరఫునా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ మేలు కోరే
పోతమ్మ.

మళ్ళీ రాస్తున్నది: కవరు అంటించబోతూ ఆగేను. పైన ఒక అబద్ధం రాసేను. శుక్రవారం నేను వంటింట్లో లేను. ఆయన పక్కనే, మంచం మీద ఉన్నాను. హేమ ఆ వాక్యం చెప్పగానే తిరగబడిందని నాకూ తెలిసింది. నలభై ఏళ్ళు సిగ్నల్ మేనుతో కాపరం చేసినదాన్ని, ఆ మాత్రం తెలియదా. ఆయన చెయ్యి ఊపేరు. నేను గోడ గడియారం చూసేను. చూసి, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని దుప్పటి కింద పెట్టి అదిమేను. ఆయన పెనుగులాడేరు. హేమ తల తిప్పకుండానే, తాత ఏటంటన్నాడే అని అడిగింది.

"ఏటీ లేదే, దాహమట. నువ్వు పంపించీ," అన్నాను.

పంపేసింది. కాగితాలు ఒక్కొక్కటీ చూపించానన్నదీ అబద్ధమే, ఆ అవసరం నాకు లేదు. ఐదు రోజులుగా నాకు తెలుసు. హేమకి ఈ సాయంత్రం నేనే చెప్తాను, మీరు దాచక్కర్లేదు. ముందు ఆ పేజీ చూడండి బాబూ. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దురు గాని.