సుజాత పక్కన చోటు

లలితా,

మొన్న నీ సంవత్సరీకం అయింది. మీరిద్దరూ కలిసి వెళ్దామనుకున్న లడఖ్‌కి నీ స్నేహితురాలు సుజాత ఒక్కతే వెళ్ళొచ్చిందే. ఆదివారం జెర్సీ సిటీలో మనింటికొచ్చి, హాల్లో తెల్ల దుప్పటి కట్టించి స్లైడ్లు వేసింది. చూడగలనో లేదోనని భయపడుతూనే కూర్చున్నాను.

అక్కడ దిగాక రెండు రోజులు కదలకుండా పడుకోవాలట, గాలి పల్చనట. టీలో ఉప్పూ వెన్నా వేస్తారట.

"ఛీ, తాగావుటే?" అన్నాను.

"అడిగి మరీ తాగాను ఆంటీ!" అంది.

సింధునదిలో రబ్బరు పడవెక్కింది. కొండకొమ్మున బౌద్ధుల గుడికి మెట్లెక్కింది. ప్రతి ఫోటోలోనూ ఓ చివరనే నిలబడింది. పక్కనంతా ఖాళీ.

"మధ్యలో నిలబడొచ్చుగా?" అన్నాను.

"లలిత ఎప్పుడైనా నిలబడనిచ్చిందా ఆంటీ? ఫోటో అంటే నన్ను తోసేసి తనే మధ్యలోకి వచ్చేదిగా. అలవాటైపోయింది."

అందరం నవ్వాం. మీ నాన్న కూడా.

మంచుకొండ ముందు రంగు జెండాల దగ్గర తీసినది నాకు కాయితం మీద వేయించి ఇమ్మన్నాను. ఖాళీగా ఉంది కదా అని ఆ పక్క కత్తిరించొద్దని షాపువాడికి మరీమరీ చెప్పమన్నాను.

మీ అమ్మ