గుంటలో ఆడచేపలు, పాణ్యంలో కోడలు

ఆళ్లగడ్డ

నంద్యాలలో చేపపిల్లల కేంద్రంలో ఉద్యోగం చేసే మేనకోడలు సౌజన్యకు, మీ మామ మోషే దీవెనలతో రాయించేది.

ఫోన్ చేపలగుంటలో పడింది. కంటికి ఆపరేషన్ అయ్యింది. అందుకే నేను చెప్తాండా, మీ అత్త జీవమ్మ రాస్తాంది. అన్నీ మగవే అని చెప్పి తిలాపియా పిల్లల్నిస్తివి. ఆడవి కలిస్తే గుడ్లు పెట్టి గుంట నింపేస్తాయి, ఏదీ పెరగదని నువ్వే అంటివి. ఇప్పుడు చూస్తే గుంట నిండా చీమలంత పిల్లలు. ఏందమ్మా ఇది?

ఇంట్లోనూ ఇదే కత. కోడలు, మన క్రాంతి పెండ్లాం ఫెబా రెండోసారీ ఆడపిల్లనే కనింది. బిడ్డకు ఐదో నెల వచ్చింది, తల్లీబిడ్డల్ని తీసుకపోండని పాణ్యం నుంచి ఆమె పుట్టింటోళ్లది కబురు మీద కబురు. నేను పోను. మగపిల్లోడైతే బ్యాండు పెట్టుకోని పోయుందును.

ఇట్లు,
మోషే

తా.క.: చేపల్ని మగవి చేసే మేత ఉందంట. మనుషులకు దొరుకుతుందా?

నంద్యాల

మామకు, అత్తకు వందనాలు.

మేత సంగతి నిజమే. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో, ఆడో మగో ఇంకా తేలకముందే, హార్మోను కలిపిన మేత పెడతాం. దాదాపు అన్నీ మగవైపోతాయి. వందకు నాలుగైదు మొండిఘటాలు మాత్రం దేనికీ లొంగక ఆడవిగానే మిగులుతాయి. ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పాను. ఉద్యోగరీత్యా చెప్పకూడదు గానీ, నాకు వాటిమీదే గౌరవం. ఆ వయసులో నీళ్లు బాగా వేడెక్కినా ఆడవి కావాల్సినవి కొన్ని మగవవుతాయి.

ఇదంతా చేపల మాట. ఫెబా అక్క చేప కాదు. వెళ్లి తెచ్చుకోండి.

మీ సౌజన్య

తా.క.: ఆ మేత మనుషులకు కాదు. మీరు రుచి కూడా చూడొద్దు.

ఆళ్లగడ్డ

చిరంజీవి సౌజన్యకు మామ దీవెనలు.

నీళ్ల వేడి మాట వినంగానే నాకు అంతా తెలిసిపోయింది. తప్పు ఫెబాది కాదు, పాణ్యానిది. రెండు కాన్పులకూ పుట్టింటికే పోయె. వాళ్ల ఇల్లు కాలువ పక్కన, ఎప్పుడూ చల్లగా ఉంటాది. ఆడపిల్లలు గాక ఏం పుడతారు? కాన్పుకు పుట్టింటికి పంపి మనోళ్లంతా మోసపోతాండారు. ఆదివారం చర్చిలో ఈ మాటే చెప్తే సంఘపెద్ద యోహాను ఆమేన్ అన్నాడు.

కాబట్టి కోడల్ని తెచ్చుకుంటా, ఒక షరతు మీద. మిద్దె మీద రేకుల గది ఉంది గదా. మగపిల్లోడు పుట్టేదాకా ఆమె కాపురం ఆడనే. ఒప్పుకోకుంటే పాణ్యంలోనే ఉండమను.

ఇట్లు,
మోషే

తా.క.: పుట్టేది ఆడో మగో తేల్చేది తల్లా, తండ్రా? బేగా రాయి.

నంద్యాల

మామకు వందనాలు.

మీ ఉత్తరం చదివి మా ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మే నెలలో ఆళ్లగడ్డ రేకుల కింద మగపిల్లలు పుట్టరు, మనుషులు పోతారు. అక్కను ఆ గదిలో పెట్టిన రోజు నేనే వచ్చి రేకులు పీకేస్తాను.

ఇక మీ ప్రశ్న. తిలాపియాలో ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. తల్లి దగ్గర ఉన్నది ఎక్సే కాబట్టి ఎప్పుడూ అదే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడ, వై ఇస్తే మగ. చేపలకైతే ఆ తర్వాత వేడీ మేతా కూడా అడ్డొస్తాయి. మనుషులకూ ఎక్స్, వై లెక్క ఇదే, వేడీ మేతా మాత్రం ఏమీ మార్చలేవు. తేల్చేది తండ్రి ఇచ్చిందే. అది కూడా ఆయన కోరి ఇచ్చేది కాదు కాబట్టి క్రాంతి బావను తిట్టకండి.

మీ సౌజన్య

తా.క.: బావకంటే ముందు పుట్టిన ముగ్గురు వదినలూ ఎవరి చలవో మీరే ఆలోచించుకోండి.

ఆళ్లగడ్డ

నా బంగారు సౌజన్యకు, మీ అత్త జీవమ్మ ముద్దులు.

ఈసారి చెప్పేవాళ్లు లేరు, నా మాటలు నేనే రాస్తున్నాను. తల్లా, తండ్రా అన్న ప్రశ్న మీ మామది కాదు. ఆయన చెప్పడం ముగించాక నేనే చేర్చాను. ముప్పై ఏళ్లుగా అడగాలని ఉండింది, అడిగేందుకు మనిషి దొరకలేదు. ముగ్గురు ఆడపిల్లలప్పుడూ మా అత్త కమలాక్షమ్మ నన్ను అనరాని మాటలు అనింది. మీ మామ పక్కనే కూర్చుని తల ఊపినాడు. ఐదో నెలలో నాకోసం ఎవరూ రాలేదు. బిడ్డను చంకనేసుకుని నేనే బస్సెక్కి వచ్చాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

నీ జవాబు ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. తర్వాత చర్చిలో ఆడవాళ్లందరికీ చదివాను. ఈసారి యోహాను ఆమేన్ అనలేదు, ఆయన భార్య అనింది.

నిన్న క్రాంతిని వెంటబెట్టుకుని, బ్యాండు మాట్లాడుకుని పాణ్యం పోయాను. ఫెబాను, మనవరాళ్లను ఇంటికి తెచ్చుకున్నాను. బ్యాండు వాళ్లు, "మగపిల్లోడామ్మా?" అని అడిగినారు. "ఆడపిల్ల. ఇంకా గట్టిగా కొట్టండప్పా" అన్నాను. మీ మామ అలిగి రేకుల గదిలోకి పోయినాడు.

ఇట్లు,
జీవమ్మ

తా.క.: అన్నానికి కిందికి దిగి, మెల్లగా అడిగినాడు. "అయితే ముగ్గురు ఆడపిల్లలూ నా వల్లనే అంటావా?"

"నీ వల్లనే. నువ్వు నాకు ఇచ్చినవాటిల్లో మంచివి ఆ మూడే" అన్నాను.