మధ్యాహ్నం తెరిచిన కిటికీలు

సరస్సు ఒడ్డు, చివరి వరసలో మన పాత చోటే,
బుధవారం, ఉదయం.

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. మీరూ మా అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ మా ఆవిడా కులాసా. అంతవరకే అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మన చక్రాల ఇల్లు, ఈ కారవాన్, చల్లగా ఉంది. ఆ సంగతి మీ చెవిన పడకుండా ఈ వేసవి గడిచిపోవడం ఇష్టం లేక కలం పట్టాను.

నిరుడు ఇక్కడినుంచే కదా, సెలవులు సగంలో ఉండగా, మీరు పెట్టె సర్దుకుని అక్కను వెంటబెట్టుకుని బస్సెక్కారు. వెళుతూ వెళుతూ ఈ రేకు డబ్బాను చల్లగా ఉంచడం నా వల్ల అయ్యే పని కాదని మా ఆవిడతో చెప్పారు. నాతో చెప్పలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బళ్లో లెక్కలు చెప్పిన మనిషికి, తప్పు ఎవరిదో వాడి ముందే దిద్దాలని తెలియదా?

సరే, వినండి. ముందుగా చోటు. పొద్దుటి నీడతో మోసం చేసే చెట్టు కింద కాకుండా, మధ్యాహ్నం తర్వాత నీడ పడే చెట్టు పక్కన బండి నిలిపాను. పొద్దుటి ఎండ ఎవరినీ చంపదు, మూడు గంటల ఎండ చంపుతుంది. ఫ్రిజ్ వెనక జాలీ ఉన్న వైపు నీడలోకి తిప్పాను. నిరుడు అది ఎండలో ఉండి ఫ్రిజ్ రోజంతా ఆయాసపడింది, వెన్న కాస్తా నూనె అయింది. ఆ రోజు బండిని అలా తిప్పమన్నది ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది. సరస్సు కనబడాలి కదా అన్నారు. కనబడింది. వెన్న లేని రొట్టె తింటూ చూశాం.

తలుపు ముందు పందిరి గుడ్డ కట్టాం. దాని పక్క తెరలు పైకి చుట్టేశాను. నాలుగు వైపులా దించుకుని కూర్చుంటే కింద వేడి గూడు కట్టుకుంటుంది. పొయ్యి బయట పెట్టించాను, లోపల నీళ్లు కూడా కాయడం లేదు. పైకప్పు మీద దుమ్ము పేరుకుంటే తెలుపు కాస్తా బూడిద రంగై ఎండను తాగుతుంది, అందుకని రోజు మార్చి రోజు నిచ్చెనెక్కి కడుగుతున్నాను. ఈ వయసులో నిచ్చెన ఎందుకని మా ఆవిడ కింద నిలబడి సణుగుతుంది. సణిగినా నిచ్చెన మాత్రం వదలదు. అద్దాలకు వెండి రంగు తెరలు బయటివైపు తగిలించాను. లోపల తగిలిస్తే ఎండ అద్దం దాటి వచ్చేశాక దాన్ని ఆపినట్టు. రాత్రి పడుకునే ముందు పైకప్పు కిటికీ ఎత్తి, దాని కింద ఫ్యాను బయటికి ఊదేట్టు పెడితే, లోపలి వేడంతా పైనుంచి పోయి, సరస్సు గాలి కింది కిటికీల్లోంచి వస్తుంది. నిన్న తెల్లవారుజామున దుప్పటి కప్పుకున్నాను బావగారూ. దుప్పటి.

ఇక కిటికీల మాట. మన తగువంతా దాని దగ్గరే కదా. పొద్దెక్కగానే అన్నీ బిగించి, చల్లబడేదాకా తెరవకూడదని మీరు. గాలి ఆడని ఇల్లు ఇల్లే కాదని నేను. మీరు మూయడం, నేను తెరవడం, మీరు మళ్లీ మూయడం. మధ్యలో కూర్చున్న మా అక్క సంచి తీసుకుని చెట్టు కిందికి పోయింది, మనిద్దరం గమనించనైనా లేదు. నేను నమ్ముకున్నది పుస్తకాల్లో ఉండే గాలి అనీ, బయట ఉన్నది వేరే గాలి అనీ మీరు అన్నారు. రేకు డబ్బాలో ఉడకాలని అంత సరదాగా ఉంటే మీ ఇంట్లోనే కుక్కర్‌లో కూర్చోవచ్చునని నేను అన్నాను. ఆ మాట బాగా కుదిరిందని ఇప్పటికీ అనుకుంటాను. దానికి మీరు బస్సెక్కాల్సినంత పని లేదు.

ఈ ఏడాది కిటికీలు నా ఇష్టం. తెరిచేదీ నేనే, మూసేదీ నేనే. అడిగేవాడు లేడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పనిలో పనిగా మరి కొన్ని చెప్పుకుంటాను, మళ్లీ ఎప్పుడు రాస్తానో. చదరంగం ఆడేటప్పుడు మీరు కూనిరాగం తీస్తారు. ఓడిపోయేటప్పుడు తీయరు, గెలిచేటప్పుడే తీస్తారు. ఎదుటివాడికి తన ఓటమి ముందే తెలిసిపోతుంది. ఇది ఆట కాదు, హింస. ఇంకొకటి. నేను లైబ్రరీలో పనిచేసినన్నాళ్లూ ఎంతమందికో పుస్తకాలిచ్చాను. చింపినవాళ్లున్నారు, ఎగ్గొట్టినవాళ్లున్నారు. నవల చదివి, కథానాయిక వయసు మూడో అధ్యాయానికీ పదో అధ్యాయానికీ సరిపోలేదని అంచున పెన్సిలుతో తీసివేత చేసి చూపించినవారు మీరొక్కరే. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తీసివేత సరిగానే ఉంది, అదే నా బాధ.

మీరు మరిచిపోయిన థర్మామీటరు తలుపు పక్క మేకుకే వేలాడుతోంది. ఇక్కడివాళ్లు థర్మామీటరు మాస్టారు ఈసారి రాలేదేమని అడుగుతున్నారు. ఆయనకు ఇప్పుడు చల్లని గదులు అలవాటయ్యాయని చెప్పాను. మీ కుర్చీని మడిచి మంచం కిందికి తోసేశాను. చోటు కలిసొచ్చింది.

అసలు విషయానికి వస్తాను. ఈ కారవాన్ అమ్మేద్దామనుకుంటున్నాను. ఇద్దరికి ఇంత బండి ఎందుకు? రెండో పడక మీద పుచ్చకాయలు దొర్లుతున్నాయి. పక్క వరసలో దిగిన పళ్ల డాక్టరు ఆదివారం వచ్చి చూశాడు. మంచి మనిషి. లోపల చాలాసేపు కూర్చున్నాడు, టీ తాగాడు, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. వచ్చే ఆదివారం మాట ఖాయం చేసుకుంటాం. ఈ బండి మనం కలిసి కొన్నది, సగం అక్కది. కాబట్టి కాగితం మీద ఆవిడ సంతకం కావాలి. మీకేమైనా అభ్యంతరం ఉంటే ఆదివారం లోపల వచ్చి చెప్పాలి. లేకపోతే లేదు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉన్నాయి. పొద్దుటిది మేలు, సాయంత్రం బస్సులో ఎండ మొహాన కొడుతుంది. ఇది మిమ్మల్ని రమ్మనడం కాదు, సమాచారం.

అక్కకు నా నమస్కారాలు. మోకాలి నొప్పి ఎలా ఉందో ఆవిణ్ణే రాయమనండి, మీరు రాస్తే అంకెలు రాస్తారు.

ఇట్లు,
మీరు ఇంకా ఒప్పుకుంటే, మీ బావమరిది.

తా.క. అన్నయ్యగారూ, ఇక్కడినుంచి నా చేతిరాత. కవరు అంటించమని నా చేతికిచ్చి ఆయన పైకప్పు కడగడానికి నిచ్చెనెక్కారు. ఈ ఒక్కసారికి నిచ్చెన వదిలేసి వచ్చాను. చదివాను. వెన్న, దుప్పటి అన్నీ నిజమే. కానీ కిటికీల సంగతి ఆయన దాచేశారు.

పొద్దున థర్మామీటరు చూస్తారు. అందులో పాదరసం నిరుడు మీరు గీత గీసిన చోటు దాటగానే లేచి, ఎండ వైపు కిటికీలన్నీ ఒక్కొక్కటే మూసేస్తారు. నేను చూస్తుంటే గాలికి పడిపోయాయంటారు. సాయంత్రం దాకా తెరవరు. బండి లోపల చల్లగా ఉంటున్నది మీ పద్ధతి వల్లే.

ఆదివారం మాత్రం తెరిచారు. పళ్ల డాక్టరుగారు మిట్టమధ్యాహ్నం వస్తారని తెలిసి, గంట ముందే అన్ని కిటికీలూ బార్లా తెరిచారు, వెండి తెరలు ఊడదీశారు, పొయ్యి లోపలికి తెచ్చి పెద్ద గిన్నెడు నీళ్లు పెట్టారు. ఎందుకండీ ఇది అంటే, వచ్చినవాళ్లకు టీ ఇవ్వొద్దా అన్నారు. ఆ డాక్టరుగారిని లోపల కూర్చోబెట్టి, పొగలు కక్కే టీ చేతిలో పెట్టి, ఒకటి కాదు రెండు కప్పులు తాగించి, గాలి ఆడటం ఎంత ముఖ్యమో చెప్పారు. పాపం ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఈ డబ్బా తనకొద్దని అక్కడికక్కడే చెప్పేశారు. కొనేవాళ్లెవరూ లేరు అన్నయ్యగారూ. వచ్చే ఆదివారం ఎవరూ రారు, మీరు వస్తే తప్ప.

ఇంకొక్కటి. మీ కుర్చీ మంచం కింద లేదు. చెట్టు నీడలో ఉంది. నీడ జరిగినప్పుడల్లా ఈయన వెళ్లి దాన్ని జరిపి వస్తారు, మొదటిరోజునుంచీ ఇదే పని. ఆ డాక్టరుగారు బండిలోంచి చెమటలు కక్కుతూ దిగి, తూలుకుంటూ వెళ్లి అందులో కూలబడబోతే, ఈయన పరుగున వెళ్లి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇక్కడ మనిషొస్తారండీ," అన్నారు.

నిచ్చెన దిగుతున్న చప్పుడవుతోంది. పైన పని అయిపోయి కాదు, కుర్చీ మీదికి ఎండ వచ్చింది. కవరు అంటించేస్తున్నాను. వదినగారిని పొద్దుటి బస్సుకే బయల్దేరదీయండి.